చెవులు గల పిల్లులు

నమోదు 1
ఆగస్టు 4, ఉదయం 5:50. ఎర్రబోడు బీడు, తూర్పు అంచు.
జంతువు: కుందేలు. సంఖ్య: 1.
రిమార్కులు:

పై గడులను శాఖవారి చేతి యంత్రం, అంటే ఈ డబ్బీ, ఫొటో తీసి, నా మాట విని తనే నింపుకుంటుంది. రిమార్కులు మాత్రం చేత్తో రాయాలి. ఈ గడికి అక్షరాల పరిమితి లేదు. కాలేజీలు మూసేసేదాకా ఇరవై ఆరేళ్ళు గణాంకశాస్త్రం చెప్పి జవాబు పత్రాలు దిద్దాను. ఎవరూ చదవబోని రాతను చూడగానే గుర్తుపడతాను. కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను.

ఇది నా మొదటి రోజు. నాది కారుణ్య నియామకం. నా భార్య ఓబులమ్మ పదకొండేళ్ళు ఇక్కడ జీవగణన శాఖలో పరిశీలకురాలు. ఏప్రిల్ 19న పోయింది. ఎండ. శాఖవారు కారుణ్యం చూపి ఆమె ఉద్యోగాన్ని, ఆమె డబ్బీని, ఆమె టోపీని నాకిచ్చారు. టోపీ పట్టలేదు.

కుందేలు నాకు పదడుగుల దూరంలో ఉంది. మొదట మట్టిగడ్డ అనుకున్నాను. గడ్డిలో తన ఒంటికి సరిపోయేంత గుంత చేసుకుని, చెవులు వీపుకు ఆనించి కూర్చుంది. మెడ వెనక నల్లటి మచ్చ. శాఖవారి చేతిపుస్తకంలో మూడో పేజీ ప్రకారం సందేహానికి తావు లేదు. డబ్బీని నోటి దగ్గర పెట్టుకుని చెప్పాను.

"కుందేలు. ఒకటి."

డబ్బీలోంచి మాట్లాడే గొంతును సహాయిని అంటారు. ఆమె చాలా సంతోషించింది.

"అభినందనలు, తిప్పేస్వామి గారూ! ఈ బీడులో కుందేలు కనిపించడం ఇదే మొదటిసారి."

మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అభినందించింది.

ఓబులమ్మ పదకొండేళ్ళు ఈ బీడులో లెక్కపెట్టింది కుందేళ్ళనే.


నమోదు 2
ఆగస్టు 5, ఉదయం 6:10. అదే చోటు.
జంతువు: కుందేలు. సంఖ్య: 2.
రిమార్కులు:

ఈ రోజూ అభినందనలు అందాయి. కుందేళ్ళ సంతతి ఒక్క రోజులో నూరు శాతం పెరిగిందని సహాయిని అంది. లెక్కలో తప్పు లేదు.

బీరప్ప గొర్రెల్ని తోలుకుని వచ్చాడు. ఓబులమ్మ తమ్ముడు. మండలమంతా అద్దాలు పరిచేశాక, అంటే ఎండను పట్టే పలకలు వేశాక, గొర్రెలకు మిగిలిన మేత ఈ బీడే. నేను చెప్పింది విని కట్టె మీద గడ్డం ఆనించి చాలాసేపు నవ్వాడు.

"మొదటిసారా? అయితే మా యక్క పదకొండేండ్లు ఈడ ఏం సేసినట్ల బావా? అద్దాల్లో మొగం సూసుకున్యాదా?"

"నాకేం తెలుసు. రికార్డులో అలా ఉందట."

"మీ రికార్డుకు కండ్లు లేవు. పాపం, దాన్నేమన్నా అంటే ఏడుస్తాది, ఊర్కే ఉండు."

నేను నవ్వలేదు. మా ఆవిడ రోజూ తెల్లవారుజామున లేచి, సంగటి మూట కట్టుకుని, ఏం చేయడానికి వెళ్ళేదో నాకు తెలుసనే అనుకుంటూ వచ్చాను. ఒకే ఒక్కసారి ఆమెతో వచ్చాను. ముల్లు గుచ్చుకుంది. మళ్ళీ రాలేదు.

పాత నమోదులు పంపమని ఆఫీసుకు అర్జీ పెట్టాను.


నమోదు 3
ఆగస్టు 8, ఉదయం 6:00.
జంతువు: కుందేలు. సంఖ్య: 3.
రిమార్కులు:

జాబితా వచ్చింది. పరిశీలకురాలు: ఓబులమ్మ. మొత్తం నమోదులు: 1,946. కుందేళ్ళు: 0. పిల్లులు: 1,946.

ప్రతి వరుసలోనూ జంతువు అన్న గడిలో ఇలా ఉంది: పిల్లి (చెవులు గలది).

చూడగానే తెలిసింది. వాళ్ళ ఊళ్ళో కుందేలు అనరు. చెవులపిల్లి అంటారు. ఆమె నోట్లో అది సెవులపిల్లి. పెళ్ళయిన కొత్తలో కుందేలు అనమని నేను నాలుగైదు సార్లు సరిదిద్దాను. లెక్చరర్ల జబ్బు. ఆమె దిద్దుకోలేదు. డబ్బీ ఆమె మాట విని, పిల్లి అని అర్థం చేసుకుని, చెవుల్ని బ్రాకెట్లో పెట్టింది.

సహాయినిని అడిగాను. ఓపిగ్గా చెప్పింది.

"ఈ మండలంలో చెవులు లేని పిల్లి ఇంతవరకూ నమోదు కాలేదు. కాబట్టి చెవుల గురించిన సమాచారాన్ని అదనపు వివరంగా భావించాం."

"ప్రతి నమోదుకూ ఫొటో ఉంది కదా. ఫొటోలో కుందేలు కనిపించలేదా?"

"ఫొటోలను పరీక్షించే విభాగం 1,946 సార్లు అభ్యంతరం తెలిపింది. అయితే స్థానికుల పరిజ్ఞానాన్ని గౌరవించాలన్నది మా విధానం. స్థానికురాలు పిల్లి అన్నాక అది పిల్లే."

పదకొండేళ్ళలో ఓబులమ్మ మాటను ఇంతగా గౌరవించినవారు మరొకరు లేరు. నాతో సహా.


నమోదు 4
ఆగస్టు 11, ఉదయం 5:55.
జంతువు: లేదు.
రిమార్కులు:

మబ్బు. ఏమీ కనిపించలేదు. నోటీసు మాత్రం వచ్చింది. సారాంశం ఇది: ఎర్రబోడు బీడులో అరుదైన కుందేళ్ళు కొత్తగా కనిపించాయి. అక్కడ పిల్లుల బెడద తీవ్రంగా ఉన్నట్టు పదకొండేళ్ళ రికార్డు ఉంది. కుందేళ్ళను కాపాడడానికి పిల్లుల్ని తొలగిస్తారు. ఈ నెల 16న యంత్రం వస్తుంది.

మా డివిజన్ పర్యవేక్షకుడు సుధీంద్ర గారికి ఫోన్ చేశాను.

"ఆ పిల్లులే కుందేళ్ళండీ" అన్నాను.

"అర్థం కాలేదండీ."

వివరించాను. ఆయన మర్యాదగా విన్నాడు. మధ్యలో ఎవరికో టీ చెప్పాడు.

"పాయింటేనండీ. కానీ చూడండి, ఇన్నేళ్ళూ ఏ సమస్యా లేదు. మీరు వచ్చి కుందేలు అన్నారు, అప్పుడు మొదలైంది. మీరూ పిల్లి అనుంటే సరిపోయేది కదండీ."

"నేను చూసింది కుందేల్నండీ."

"అదేనండీ ఇబ్బంది."


నమోదు 5
ఆగస్టు 16, ఉదయం 7:00.
జంతువు: నమోదు చేయలేదు.
రిమార్కులు:

యంత్రం వచ్చింది. శాఖ పెట్టిన పేరు తొలగింపు యూనిట్. ఆరు కాళ్ళు, నేలకు ఆనే ముక్కు, వెనక బోన్లు. బీరప్ప దాన్ని చూసిన వెంటనే ముంగి అన్నాడు. ముంగిస పోలిక ఉంది. ఇక ఊరంతా ముంగే అంటుంది.

ముంగి ఏది పిల్లో ఎలా గుర్తుపడుతుందని అడిగాను. స్థానిక పిల్లుల రూపురేఖల్ని ఓబులమ్మ తీసిన 1,946 ఫొటోల నుంచి నేర్చుకుందట. మా ఆవిడ ఫొటోలు బాగా తీసేది. వెలుతురు చూసుకుని, జంతువు చెవులు తప్పకుండా పడేలా తీసేది. చెవుల చిరుగుల్ని బట్టే ఏది ఏదో గుర్తుపట్టేది. అంచేత ముంగి కూడా చాలా బాగా నేర్చుకుంది.

మధ్యాహ్నానికి నాలుగు పట్టింది. కుందేలు చివరి క్షణం దాకా కదలదు. కదలకుంటే కనపడనని దాని నమ్మకం. మనుషుల దగ్గర, కుక్కల దగ్గర అది చాలావరకు నిజమే. ముంగికి ఆ విషయం తెలుసు. నేరుగా గుంత దగ్గరికి పోయి వల విసురుతుంది.

బీరప్పకు ఒక పిల్లి ఉంది. తెల్లది. నిజమైన పిల్లి. అది ముంగి వీపు ఎక్కి ఎండ కాచుకుంటూ కూర్చుంది. ముంగి దాన్ని పట్టించుకోలేదు.

"సూడు బావా, రాజు మాదిరి ఊరేగుతాండాది" అన్నాడు బీరప్ప. కానీ ఈసారి నవ్వలేదు.


నమోదు 6
ఆగస్టు 17, సాయంత్రం 5:30.
రిమార్కులు:

తొమ్మిది అయ్యాయి. ఓబులమ్మ చివరి ఏడాది రికార్డు ప్రకారం ఈ బీడులో మొత్తం ఇరవై మూడు ఉండాలి.

బోన్లు బీడు గేటు పక్కన వరసగా పెట్టారు. ఒక్కోదానిలో ఒక గిన్నె పాలు, ఎండుచేప ముక్క. సహాయిని రోజూ నివేదిక పంపుతోంది: పట్టుబడిన పిల్లులు ఆహారం ముట్టడం లేదు. నేను బోనుల్లోకి గరికపోచలు దూర్చాను. బోను నన్ను హెచ్చరించింది. పిల్లులకు హాని చేసే పదార్థాలు పెట్టరాదట.

ఒకటి చచ్చిపోయింది. గాయమేమీ లేదు. కుందేలు పట్టుబడితే భయానికే గుండె ఆగిపోతుందని చేతిపుస్తకం ఏడో పేజీలో ఉంది.

22న లారీ వస్తుంది. వీటిని జిల్లా కేంద్రంలోని పిల్లుల ఆశ్రమానికి తీసుకుపోతారు. అక్కడ మూడు వందల పిల్లులున్నాయి. తోడు దొరుకుతుందని సహాయిని అంది.

సుధీంద్ర గారికి మళ్ళీ ఫోన్.

"సవరణకు దారి ఉందండీ" అన్నాడు. "పద్నాలుగో నిబంధన. ఎవరు నమోదు చేశారో వాళ్ళే, తమ గొంతుతో, ఆ మాటకు అర్థం ఇదీ అని చెప్పాలి. పేరు కూడా చెప్పాలి. మేడంగారి చేత ఒక్క ముక్క చెప్పించండి, అయిపోతుంది."

"ఆమె లేదండీ."

"ఎప్పుడొస్తారండీ?"

"చనిపోయిందండీ."

"అయ్యయ్యో. ఎప్పుడండీ?"

"ఏప్రిల్‌లో. నా నియామక పత్రం మీద మీదే సంతకం."

కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఓ, ఆ మేడంగారా. సారీ అండీ. అయితే రెండో దారి. ఆమె నమోదులన్నీ రద్దు చెయ్యమని వారసుడిగా మీరు అర్జీ పెట్టొచ్చు. పిల్లులుండవు, మీరనే ముంగీ ఉండదు."

"పదేళ్ళ రికార్డు?"

"అదీ ఉండదండీ."

పదేళ్ళు వరసగా కుందేలు కనిపించినట్టు రికార్డు ఉంటేనే బీడును బీడుగా వదలాలని చట్టం. లేకపోతే గణన ముగిశాక అద్దాలు వేస్తారు. కుందేళ్ళను బోన్ల నుంచి విడిపించి పలకల కింద వదలడం అన్నమాట. అది కాక, పదకొండేళ్ళు ఆమె ఏ పనీ చేయలేదని నేను సంతకం పెట్టాలి.

ఆలోచించి చెప్తానన్నాను.

బీరప్పకు చెప్పాను. వాడు గొర్రెల్ని గేటు అవతలికి తోలి వచ్చాడు. తర్వాత అన్నాడు.

"యక్క గొంతు ఆ డబ్బీలో ఉండాదంటివే. యాడో ఒగసోట అనుంటాది, రెండూ ఒగటేనని. అది మాట మిగుల్చుకునే మనిషి గాదు."

ఉంది. 1,946 సార్లు ఉంది. సగటున ఒక్కోటి ఇరవై రెండు సెకన్లు. మొత్తం పదకొండు గంటల యాభై మూడు నిమిషాలు. ఏప్రిల్ నుంచి నేను ఒక్కటీ వినలేదు. వినకుండా ఉండడానికి ఇన్నాళ్ళూ మంచి కారణం ఏదీ అవసరం రాలేదు.


నమోదు 7
ఆగస్టు 18.
రిమార్కులు:

ఉదయం ఆరింటికి మొదలుపెట్టి బోన్ల పక్కన కూర్చునే విన్నాను. మొదటి నుంచి, వరసలో.

మొదటి ఏడాది బెరుకుగా మాట్లాడింది. డబ్బీని అండీ అని పిలిచింది. "ఒగ సెవులపిల్లి అండీ. తంగేడు సెట్టు కింద అండీ." రెండో ఏడాదికి అండీ పోయింది. మూడో ఏడాది నుంచి దాంతో కబుర్లు చెప్పింది. వాన రాలేదని, బీరప్ప గొర్రెకు కాలు విరిగిందని, ఈ రోజు సంగటిలో ఉప్పు మరిచానని. ఉప్పు లేని ఆ సంగటి నేనూ తినే ఉంటాను. గుర్తు లేదు.

ఒక్కోదానికీ చెవిని చూసి పేరు పెట్టింది. చీలికది. పోగులమ్మ. రూపాయంత చిల్లున్న దుడ్డు చెవిది. రెండు చెవులూ బాగున్నదానికి పేరు పెట్టలేదు. ఇంకా దెబ్బ తగల్లేదు, పేరెందుకు అంది.

నాలుగున్నర గంటలు విన్నాను. కుందేలు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

ముంగి ఇంకో మూడు పట్టింది. పన్నెండు.


నమోదు 8
ఆగస్టు 19.
రిమార్కులు:

ఈ రోజు 1,580వ నమోదు దాకా వచ్చాను. అక్కడ ఆగి కొంతసేపు నడిచాను.

ఎందుకంటే అందులో ఇలా ఉంది: "ఈ పొద్దు సారును సూసినా. గడ్డిలో కూసోని ఏందో ఆలోసన సేస్తాండాడు. కుడి సెవి సగం తెగి యాలాడతాండాది. పలకరిస్తే పలకడు."

ఆమె నన్ను సారు అని పిలిచేది. కాలేజీ రోజుల నుంచీ అంతే. నేను ఆ రోజు బీడుకు రాలేదు. నా కుడి చెవి బాగానే ఉంది. అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. కుందేలుకు నా పేరు పెట్టింది.

ఆ తర్వాత దాదాపు ప్రతి రోజూ సారు ఉన్నాడు. "సారు కదల్లేదు." "సారు పక్కకే ముంగిస వచ్చినా కదల్లేదు, ఎంత మొండోడో." "వానలో తడిసినాడు సారు, లెయ్యలేదు." ఒక రోజు, నేను ఆమెతో మాట్లాడని రోజు అయ్యుండాలి, చాలా రోజులు ఉండేవి: "ఈ సారు నయం. సూసన్నా సూస్తాడు."

బోన్లన్నీ తిరిగి చూశాను. కుడి చెవి తెగినది లేదు. పట్టుబడలేదో, పట్టుబడడానికి మిగిలి లేదో చెప్పలేను. రెంటికీ రికార్డు ఒకటే.


నమోదు 9
ఆగస్టు 20, ఉదయం 9:40.
రిమార్కులు:

1,702. ఒక నిమిషం నాలుగు సెకన్లు. మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. మొదటి గొంతు నాది. డబ్బీ దాన్ని గుర్తు తెలియని వ్యక్తి అని రాసుకుంది.

"అదుగో! అదుగో కుందేలు!"

"అరవద్దు సారూ. అట్ల అరిస్తే ఉంటాదా అది? సూడు, పాయ."

"ఫారంలో కుందేలనే ఉంది కదా. నువ్వెందుకలా అనవు?"

"ఫారంలో ఉంటాది. కుందేలన్నా సెవులపిల్లన్నా రెండూ ఒగటే. పెండ్లిపత్రికలో నేను సౌభాగ్యవతిని, ఇంట్లో నేను ఓబులమ్మను. రెండు పేర్లుండాయని నువ్వేమన్నా ఇద్దర్ని సేసుకుంటివా?"

"అబ్బా!"

"ఏమాయ?"

"ముల్లు."

"కాలు ఇట్లియ్. కదలాకు. ఉండు... ఆఁ, వచ్చె."

అంతే. మిగిలింది గాలి.

అర్థం చెప్పింది. పేరు చెప్పింది. తన గొంతుతో చెప్పింది. పద్నాలుగో నిబంధన కోరేది ఇంతకంటే ఏమీ లేదు. నేను వచ్చిన ఆ ఒక్క రోజు తప్ప ఈ మాట అనాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. మిగతా రోజుల్లో ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు ఎవరూ లేరు.

డబ్బీకి వినిపించాను. మూడు నిమిషాలు ఆలోచించింది.

"ధ్వని సరిపోయింది. వ్యక్తి: ఓబులమ్మ. ప్రకటన: కుందేలు, చెవులపిల్లి, రెండూ ఒకటే. 1,946 నమోదులు సవరించాం. ధన్యవాదాలు, ఓబులమ్మ గారూ. వివాహం గురించి మీరు అడిగిన ప్రశ్న మా పరిధిలోకి రాదు."


నమోదు 10
ఆగస్టు 20, సాయంత్రం 6:00.
జంతువు: కుందేలు. సంఖ్య: 11.
రిమార్కులు:

ముంగి నాలుగింటికి ఆగిపోయింది. నడుస్తున్నది నడుస్తున్నట్టే, ఒక కాలు గాల్లో పెట్టి. ఆరింటికి బోన్లు వాటంతట అవే తెరుచుకున్నాయి. ఒక్కటీ వెంటనే బయటికి రాలేదు. కదలకుంటే కనపడమని ఇంకా నమ్ముతున్నాయి. బీరప్పా నేనూ వెనక్కి జరిగి, చాలాసేపు అటు తిరిగి కూర్చున్నాం. ముందు పోగులమ్మ దూకింది. తర్వాత ఒకటొకటే. పన్నెండులో పదకొండు.

బోను తెరుచుకోవడంతో, చచ్చిపోయినదాన్ని కూడా తీసి తంగేడు కింద పూడ్చాం. దాని చెవులు రెండూ బాగున్నాయి. పేరు లేదు.

"బావా, ఇంగో కత ఇన్యావా?" అన్నాడు బీరప్ప, చేతులు దులుపుకుంటూ. "మండలంలో సెవులుండే పిల్లులన్నీ కుందేళ్ళు అయిపోయినాయంట. మా తెల్లదాన్ని ఇంట్లో పెట్టుకోవాలంటే పర్మిషన్ కావాలంట నాకు. అడివి జంతువంట అది!"

"ఏం చేస్తావు మరి?"

"ఏం సేస్తా? దానికే సెప్తిని, ఇంగ గరిక తినమని."


నమోదు 11
ఆగస్టు 23, ఉదయం 11:00.
రిమార్కులు:

సుధీంద్ర గారు తనే ఫోన్ చేశాడు. గొంతులో కొంత ఇబ్బంది ఉంది.

"ఒక చిన్న విషయమండీ. మేడంగారు ఇరవయ్యో తారీకున తన గొంతుతో సవరణ ఇచ్చారు కదా. సిస్టం దాన్ని హాజరు కింద తీసుకుంది. అంటే, ఆమె విధుల్లో ఉన్నట్టు. ఉన్నట్టయితే మరి, మీ నియామకం..."

"కారుణ్యానికి కారణం లేదు."

"కరెక్టుగా చెప్పారండీ. కంగారేమీ లేదు, పదిహేను రోజులు గడువుంది. ఈలోగా మీరు మరణ ధ్రువపత్రం మళ్ళీ ఒకసారి పెట్టేయండి. మీ ఉద్యోగం మీకుంటుంది."

"పెడితే సవరణ ఏమవుతుంది?"

ఆయన ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించాడు.

"చనిపోయినవారు సవరించలేరు కదండీ. కాబట్టి మళ్ళీ... పిల్లులే."

"ముంగి?"

"ఇంకా అక్కడే ఉందనుకుంటానండీ."

ఉంది. గేటు దగ్గర, ఒక కాలు ఎత్తుకుని.

అంటే విషయం ఇది. ఓబులమ్మ చనిపోయిందని నేను రుజువు చేస్తే ఉద్యోగం, డబ్బీ, అందులోని ఆమె గొంతు నా దగ్గరే ఉంటాయి. కుందేళ్ళు పిల్లులవుతాయి. రుజువు చేయకపోతే కుందేళ్ళు కుందేళ్ళుగా ఉంటాయి, బీడు బీడుగా ఉంటుంది, ఆమె విధుల్లో ఉంటుంది, డబ్బీని నేను అప్పగించాలి. ఆమెకు.

ధ్రువపత్రం ట్రంకుపెట్టెలో ఉంది. ఇరవై ఆరేళ్ళు ఎదుటివాళ్ళ తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టాను. ఈ ఒక్క తప్పును దిద్దను.


నమోదు 12
సెప్టెంబరు 7, ఉదయం 10:00.
రిమార్కులు:

గడువు నేటితో సరి. ఆమె నమోదుల్లో నేను వినాల్సినవి 244 మిగిలి ఉండేవి. రోజుకు పదహారు చొప్పున విన్నాను. చివరి రోజున ఇరవై. చివరిది ఏప్రిల్ 19, ఉదయం 5:40. తొమ్మిది సెకన్లు.

"సెవులపిల్లి ఒగటి. పోగులమ్మ. సారు ఈ పొద్దు కనపల్యా. రేపు సూస్తా."

ఇక వినడానికి ఏమీ లేదు.

ఓబులమ్మ విధులకు ఎందుకు రావడం లేదని సహాయిని అడిగింది. సెలవు దరఖాస్తు పెట్టమని సుధీంద్ర గారు సలహా ఇచ్చాడు. మంచివాడే. భర్తగా నేను పెట్టవచ్చునట. ఫారం పూర్తి చేశాను.

కారణం: వ్యక్తిగతం.

సెలవు మొదలైన తేదీ: ఏప్రిల్ 20.

తిరిగి చేరే తేదీ: ఖాళీగా వదిలితే ఫారం ముందుకు పోలేదు. అడ్డగీత ఒప్పుకోలేదు. కింద చూస్తే, చెప్పలేను అని ఒక వీలుంది. దాన్ని నొక్కాను.

"సెలవు మంజూరైంది. ఓబులమ్మ గారికి మా శుభాకాంక్షలు. ఆమె స్థానం ఆమెకే ఉంటుంది" అంది సహాయిని.

డబ్బీని గుడ్డతో తుడిచి, ఆమె టోపీలో పెట్టి, మధ్యాహ్నం ఆఫీసులో అప్పగిస్తాను.


నమోదు కానిది
సెప్టెంబరు 9.

ఇది కాగితం మీద. సంగటి మూట కట్టే గుడ్డలో పెన్నూ కాగితాలూ పట్టుకొచ్చాను. గడులు లేవు.

ఉద్యోగం లేకపోయినా నాలుగున్నరకు మెలకువ వచ్చింది. బీడుకు నడిచాను. ముంగిని ఇంకా తీసుకుపోలేదు. దాని వీపు మీద, అధికారికంగా కుందేలైన బీరప్ప తెల్లపిల్లి పడుకుని ఉంది.

తూర్పు అంచున, తంగేడుకు ఇవతల ఒక మట్టిగడ్డ ఉంది. మొన్నటిదాకా అక్కడ మట్టిగడ్డ లేదు. నిలబడిపోయాను. కొంతసేపటికి మట్టిగడ్డకు కన్ను కనిపించింది. తర్వాత మెడ వెనక నలుపు. వీపుకు ఆనించిన చెవులు రెండు. కుడిది సగం తెగి వేలాడుతోంది.

నేను కూర్చున్నాను. అదీ కూర్చునే ఉంది. నన్ను చూసింది. ఆమె చెప్పింది నిజమే, చూసన్నా చూస్తుంది. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. చేతిలో డబ్బీ లేదు.

అలవాటు కొద్దీ చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనని మాటను, ఆమె అన్నట్టే అన్నాను.

"సెవులపిల్లి. ఒగటి."

గట్టిగా అన్నట్టున్నాను. ఒక్క గెంతులో లేచి, వంకరటింకరగా బీడు దాటి పోయింది.